రఫ్ఫక్క గోళ్ళు

మా షాపులో ఆమెను అందరూ రఫ్ఫక్క అనే పిలుస్తారు. యజమాని ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడు, ఆయన కూడా అక్కా అనే అంటాడు. ఆ డ్రైక్లీనింగ్ షాపులో పద్నాలుగేళ్ళుగా కౌంటర్ దగ్గర కూర్చునేది నేను. బట్టలు తీసుకోవడం, చీటీ రాయడం, జేబులు తడిమి చూసి లోపలికి పంపడం నా పని. లోపల ఇస్త్రీ బల్లలు దాటాక ఉత్తరం వైపు ఒక పెద్ద కిటికీ ఉంది. దాని కింద చిన్న బల్ల, వెనక ఆనుకోవడానికి ఏమీ లేని ఒక స్టూలు. అది ఆమె చోటు. ఎండ నేరుగా పడితే పోగుల నీడలు పడి కన్ను మోసపోతుందంటుంది. అందుకే ఉత్తరపు వెలుగు తప్ప ఇంకొకటి ఒప్పుకోదు.

రఫ్ఫు అంటే అతుకు వేయడం కాదు. చిరిగిన చోట, కాలిన చోట, పురుగు కొట్టిన చోట, ఆ బట్టలోని దారంతోనే మళ్ళీ నేత నేయడం. కోటు లోపలి మడతలోంచి, ఎవరి కంటా పడని చోటు నుంచి నాలుగు పోగులు లాగుతుంది. వెంట్రుకంత సూదితో ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోనిస్తుంది. చొక్కా గుండీ అంత కన్నానికి ఒక పూట పడుతుంది. ఈ పనిలో సూది ఎంతో గోళ్ళు అంత. ఎడమ బొటనవేలి గోరుతో పక్క పోగును జరిపి పట్టుకోవాలి, కుడి చూపుడువేలి గోరుతో అల్లిన పోగును దగ్గరికి నొక్కాలి. గోరు బియ్యపుగింజ మందం పెరిగి, అంచు నున్నగా ఉండాలి. ఎక్కువైతే గుచ్చుకుంటుంది, తక్కువైతే పట్టు దొరకదు. వారానికి రెండుసార్లు కిటికీ దగ్గర నిలబడి, గోళ్ళను ఆకురాయితో అరగదీసి, పట్టుగుడ్డ మీద రాసి చూసుకునేది. పట్టు ఎక్కడా తగులుకోకుండా జారితేనే పనిలో కూర్చునేది.

బట్ట తీసుకోవడానికి వచ్చినవాళ్ళ చేతికి కోటు ఇచ్చి, "వెతుక్కోండి, దొరికితే మళ్ళీ చేస్తా," అనడం ఆమెకు సరదా. వాళ్ళు దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి, వెలుతురులో తిప్పి, వేళ్ళతో తడిమి, చివరికి ఎక్కడో ఒకచోట చూపుడువేలు పెట్టి "ఇదేనా?" అనేవాళ్ళు.

"అది మీ టైలర్ చేసిన తప్పు. నాది కాదు," అనేది మొహంలో నవ్వు కనబడనీయకుండా.

ఆమె లోపాలు కూడా చెప్పుకోవాలి. తనను ఎవరైనా టైలరమ్మా అంటే ఆ పూటంతా మాట్లాడదు. కస్టమర్ వస్తే కళ్ళజోడు తీసి ఒళ్ళో దాచుకుంటుంది. ఒకటి అనుకుందంటే యజమాని వచ్చి బతిమాలినా కదలదు. ఆ మొండితనమే ఆమెను కాపాడిందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

పని నేర్పింది ఆమె పెద్దమ్మ. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పెద్దమ్మ పక్కన కూర్చుని, పందొమ్మిదేళ్ళ వయసులో మొదటి మూడు నెలలు గోనెపట్టా మీదే అల్లుతూ గడిపిందట. తర్వాత పెళ్ళి. భర్త సిటీ బస్సు డ్రైవరు, నిదానస్తుడు. ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ తక్కువైందని డాక్టరమ్మ మాత్ర రాసింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున ఆ చిన్న తెల్ల మాత్ర వేసుకుంటుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఏడాదికోసారి రక్తం ఇచ్చి, అంతా బాగుందన్న కాగితం తెచ్చుకుని, బీరువాలో పెట్టుకునేది.

రెండేళ్ళ కిందట మా షాపులో మరకలు తీసే ముసలాయన మోకాళ్ళ నొప్పులు తాళలేక పని మానేశాడు. కొత్త మనిషి దొరికేదాకా కాస్త చూడమని యజమాని రఫ్ఫక్కను అడిగాడు. బట్ట స్వభావం ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు కదా, అందుకని సరేనంది. సిరాకు ఒక ద్రావకం, నూనెకు ఇంకొకటి, తర్వాత నీళ్ళు, సబ్బు, మళ్ళీ నీళ్ళు. "కాస్త" అన్నది నెలలు అయింది. చేతులు రోజుకు ముప్ఫైసార్లు తడవడం, ఆరడం. నాలుగో నెలకల్లా గోళ్ళు పాలిపోయి, అంచులు ఉల్లిపొరల్లా విడిపోవడం మొదలుపెట్టాయి. అరగదీస్తే నున్నగా రాకుండా పొడిపొడిగా రాలేవి.

ఒక మధ్యాహ్నం ఆమె ఎవరిదో ఊదారంగు ఉన్ని శాలువా బాగుచేస్తోంది. నేను చీటీ కోసం లోపలికి వెళ్ళేసరికి చెయ్యి గాల్లోనే ఆపి కదలకుండా కూర్చుని ఉంది. బొటనవేలి గోరు పక్కగా చీలి, ఆ చీలికలో శాలువా పోగు ఇరుక్కుంది. తెలియక చెయ్యి లాగింది. జానెడు పొడవున పోగు బయటికొచ్చి, శాలువా మీద ముడతల గీత పడింది.

"ముప్ఫై నాలుగేళ్ళలో ఒకరి బట్ట పాడుచేయడం ఇదే మొదలు," అంది నా వైపు చూడకుండా.

ఆ గీతను సరిచేయడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఏమీ కనబడలేదు. యజమాని, "చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అక్కా, ఊరుకో," అన్నాడు. శాలువా మనిషి వచ్చినప్పుడు ఆమె లేచి కౌంటర్ దగ్గరికి వచ్చింది. "మీరు ఇచ్చింది ఒక కన్నం. నా గోరు తగిలి ఇంకో చోట లాగేసింది. ఇదిగో ఇక్కడ. బాగుచేశాను. మీరు చూసుకుని తృప్తిపడితేనే తీసుకెళ్ళండి," అంది. ఆవిడ శాలువా చూడలేదు, రఫ్ఫక్క చేతులు చూసింది. "ముందు మీ గోళ్ళ సంగతి చూసుకోండమ్మా," అని వెళ్ళిపోయింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఇస్త్రీ చేసేవాళ్ళు ఒకటి చెప్పారు, నేను ఒకటి చెప్పాను. వాళ్ళ వదిన మాత్రం మాటలతో సరిపెట్టుకునే మనిషి కాదు. రఫ్ఫక్కకు అన్న భార్య ఆవిడ. రెండు వీధుల అవతల ఉంటుంది. ఎవరికి తలనొప్పి అన్నా సంచీలోంచి ఏదో ఒకటి తీస్తుంది. ఆదివారం పూట ఒక పెద్ద డబ్బా పట్టుకొచ్చింది. జుట్టు, గోళ్ళు, చర్మం అని దాని మీద మూడు బొమ్మలు ఉన్నాయట.

"నా గోళ్ళు చూడు, మూడు నెలల్లో ఎలా అయ్యాయో. రోజుకు రెండు వేసుకో," అందట.

"డాక్టరమ్మను అడగొద్దా వదినా?"

"దీనికి డాక్టరెందుకే. ఇది మందు కాదు, విటమిన్. ఎక్కువైతే ఒంట్లోంచి అదే పోతుంది."

వదిన మీద ఆమెకు గురి ఎక్కువ. పిల్లల చిన్నప్పుడు ఈమె పనికి వస్తే వాళ్ళను చూసుకున్నది ఆవిడే. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టింది. మందు కాదన్నారు కాబట్టి దాన్ని మందుల లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత జరిగినదంతా ఇక్కడి నుంచే మొదలైంది.

రెండు నెలలకు ఏడాది పరీక్ష వచ్చింది. కాగితం చూసి డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. ఎప్పుడూ సరిగ్గా ఉండే మనిషికి ఈసారి థైరాయిడ్ బాగా ఎక్కువైనట్టు వచ్చింది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ. మీరిచ్చిన మాత్ర ఒక్కటే."

అబద్ధం చెప్పాలని కాదు. ఆమెకు తెలిసినంతలో అది నిజమే. డాక్టరమ్మ మాత్ర మోతాదు తగ్గించింది. రెండు నెలల తర్వాత మళ్ళీ రక్తం ఇస్తే మళ్ళీ ఎక్కువే. ఇంకా తగ్గించింది.

ఆ చలికాలం రఫ్ఫక్కను చూస్తే నాకు భయం వేసేది. ఇస్త్రీ పెట్టెల వేడికి మేమంతా చెమటలు కక్కుతుంటే ఆమె రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చునేది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. నడక బరువైంది. ఒకరోజు మధ్యాహ్నం సూది చేతిలో ఉండగానే తల వాల్చి నిద్రపోయింది. గోళ్ళు బాగుపడతాయనుకుంటే ఇంకా చెడ్డాయి. మూడు వేళ్ళకు గోళ్ళు సగానికి విరిగాయి. వాటికి పలచని అంటుపట్టీ చుట్టుకుని పనిచేసేది. మామూలుగా ఒక పూటలో అయ్యే కన్నం మూడు పూటలు తీసుకునేది. యజమాని మంచివాడే, కానీ ఆయనకూ కస్టమర్లు ఉన్నారు కదా. "అక్కా, కొన్నాళ్ళు ఇంట్లో ఉండి రెస్టు తీసుకోరాదూ," అన్నాడు. ఆమె మర్నాడు మామూలు కంటే అరగంట ముందే వచ్చి కూర్చుంది.

ఇంట్లో వదిన ఇంకో మాట ఎత్తింది. "ఆ థైరాయిడ్ మాత్రే నీ గోళ్ళు తినేస్తోందే. ఇరవై ఏళ్ళుగా మింగుతున్నావు, సైడ్ ఎఫెక్టులు ఉండవా మరి? రక్తంలో ఎక్కువైందని వాళ్ళే అంటున్నారుగా. మొత్తానికే మానెయ్." భర్త కూడా నసుగుతూ, "మీ వదిన చెప్పింది ఆలోచించదగ్గదే," అన్నాడట. ఆయనకు భార్య అవస్థ చూడలేక ఏదో ఒకటి చేయాలనిపించింది, అంతే.

ఆమె మానలేదు. వేసుకుంటూనే ఆలోచించింది. ఆ వారం టీ వేళప్పుడు నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"చెల్లీ, బట్ట చేతికొస్తే నేను ముందు ఏం చూస్తానో తెలుసా?"

"కన్నం చూస్తావు."

"కాదు. కన్నం చుట్టూ బాగున్న నేత ఎక్కడి దాకా ఉందో చూస్తా. బాగున్న చోటు తెలిస్తేనే చెడింది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. కిందటేడు పరీక్ష బాగుంది. ఈ ఏడు చెడింది. ఈ మధ్యలో నా ఒంట్లోకి కొత్తగా ఏం వచ్చిందా అని చూస్తున్నా."

ఆమె ఒళ్ళో థైరాయిడ్ మాత్రల పెట్టె ఉంది. దాని లోపల ఎనిమిది మడతలు పెట్టి ఉండే కాగితాన్ని విప్పి బల్ల మీద పరిచింది. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితాన్ని చదవకుండా పారేస్తూ వచ్చానని సిగ్గుపడుతూ చెప్పింది. చీమ తలకాయలంత అక్షరాలు. పోగులు లెక్కపెట్టడానికి వాడే చిన్న భూతద్దం తీసి కాగితం మీద పెట్టింది. వరుస వరుసగా జరుపుకుంటూ చదువుతోంది. నోరు తిరగని మాటలు వచ్చినప్పుడు నేను చదివిపెట్టాను.

మందు ఎక్కువైతే కలిగే ఇబ్బందులని ఒకచోట రాసి ఉంది. ఆమె పెన్సిల్ తీసుకుంది.

"గుండె దడ. లేదు. చెమటలు పట్టడం. లేదు. బరువు తగ్గడం. నీ కళ్ళకు తగ్గినట్టున్నానా?"

"లేదక్కా."

"నిద్ర పట్టకపోవడం. నిద్ర పట్టకపోవడమా, సూది పట్టుకునే నిద్రపోతున్నా కదే." ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆమె చూపు మారింది. "రక్తపరీక్ష కాగితమేమో నాకు ఎక్కువైందంటోంది. నా ఒళ్ళేమో తక్కువైందంటోంది. రెండింట్లో ఏదో ఒకటి తప్పు చెప్తోంది. నా ఒళ్ళు నాకెందుకు అబద్ధం చెప్తుంది?"

అప్పటికి టీ వేళ అయిపోయింది. కౌంటర్ దగ్గర ఎవరో గంట కొట్టారు. నేను వెళ్ళి, ఒక ప్యాంటూ రెండు కోట్లూ తీసుకుని, చీటీలు రాసి వెనక్కి వచ్చేసరికి ఆమె భూతద్దం ఒకే చోట ఆగి ఉంది.

"ఇది చదువు," అంది.

బయోటిన్ ఉన్న మందులు గానీ విటమిన్లు గానీ వాడుతున్నట్టయితే రక్త పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలని, దానివల్ల ఫలితాలు తప్పుగా రావచ్చని అక్కడ రెండు వాక్యాలు ఉన్నాయి. సైడ్ ఎఫెక్టుల జాబితాలో కూడా కాదు, వేరే ఎక్కడో, ఎవరూ చూడని మూల.

"బయోటిన్ అంటే ఏంటక్కా?"

సంచీలోంచి వదిన ఇచ్చిన డబ్బా తీసింది. మూడు బొమ్మల కింద పెద్ద అక్షరాలతో అదే మాట ఉంది. పక్కనే పది వేల మైక్రోగ్రాములు అని అంకె. ఆమె డబ్బానూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరాన్ని వేలితో పోల్చి చూసింది. రంగు సరిపోయిందో లేదో రెండు పోగుల్ని కలిపి చూసినట్టే చూసింది. తర్వాత డబ్బా మూత గట్టిగా బిగించి సంచీలో వేసుకుంది. ఆ రోజు మధ్యాహ్నం మాత్రలు వేసుకోలేదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి నన్ను తోడు రమ్మంది. వరండాలో ఇనప కుర్చీలు, గోడకు ఒక గడియారం, మాకంటే ముందు పదకొండుమంది. మా వంతు వచ్చింది. రఫ్ఫక్క డబ్బా, కాగితం, పెన్సిల్ గీతతో సహా బల్ల మీద పెట్టింది.

"ఇవి వేసుకుంటున్నారా? ఎప్పటి నుంచి?"

"ఆరు నెలలు దాటింది. మీరు అడిగినప్పుడు చెప్పలేదు. మందు కాదనుకున్నా."

డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసింది. కంప్యూటర్‌లో ఏదో వెతికింది. పాత కాగితాలు వరుసగా పేర్చుకుంది.

"మీరు మందులని అనుకోలేదు. నేను విటమిన్లని విడిగా అడగలేదు," అంది చివరికి. "తప్పు నాలోనూ ఉందమ్మా. మీ మొహం చూసైనా నాకు అనుమానం రావాల్సింది. కాగితాన్నే నమ్మాను."

తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ల్యాబులో థైరాయిడ్ కొలిచే పద్ధతుల్లో కొన్నింటికి ఈ బయోటిన్‌నే కొక్కెంలా వాడతారట. రక్తంలో అది ముందే ఎక్కువగా ఉంటే మెషిన్ తికమకపడి, ఉన్న థైరాయిడ్ కంటే ఎక్కువ చూపిస్తుంది. ఒంటికి ఆ విటమిన్ చేసిన కీడు లేదు. చెడింది లెక్క. ఆ చెడ్డ లెక్క చూసి మాత్ర తగ్గించడం వల్ల నిజంగానే థైరాయిడ్ తక్కువైంది. అది తక్కువైతే గోళ్ళు పెళుసుబారతాయి, చలి, మత్తు, వాపు అన్నీ వస్తాయి.

"అంటే గోళ్ళ కోసం వేసుకున్నదే చుట్టు తిరిగి గోళ్ళ మీదికి వచ్చిందన్నమాట," అంది రఫ్ఫక్క.

"అదే జరిగినట్టుంది. ఇది ఆపి, వారం తర్వాత మళ్ళీ రక్తం ఇవ్వండి. అప్పుడు గట్టిగా చెప్తాను."

"మరి మొదట్లో ఎందుకు విరిగాయి? అప్పుడు పరీక్ష బాగానే ఉందిగా."

డాక్టరమ్మ ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ చూసింది. పనేమిటని అడిగింది. మరకలు, ద్రావకాలు, ముప్ఫైసార్లు నీళ్ళు అని వినగానే తల ఊపింది. "గోటికి ఇంతకంటే శత్రువు లేదు. తొడుగులు వేసుకోవాలి, చేతులు ఆరాక నూనె గానీ క్రీము గానీ రాయాలి. ఐరన్ కూడా ఒకసారి చూద్దాం. ఆ విటమిన్ లోపం ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. అందరికీ గోళ్ళు గట్టిపడతాయని చెప్పడానికి నా దగ్గర గట్టి ఆధారం లేదు."

వారం తర్వాత ఫలితం వచ్చింది. థైరాయిడ్ ఎక్కువ కాదు, చాలా తక్కువ. ఐరన్ సరిగ్గానే ఉంది. పాత మోతాదు మళ్ళీ మొదలైంది. నేను ఫలితం కాగితం చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆమె మాత్రం కాగితాన్ని మడిచి, "ఒళ్ళు అబద్ధం చెప్పలేదు," అని ఊరుకుంది.

వదినకు ఈ సంగతి చెప్పడం అన్నిటికంటే కష్టమైందని ఆమే నాతో అంది. వదిన మొహం చిన్నబుచ్చుకుని, "అంటే నేనేదో విషం పెట్టినట్టు మాట్లాడతావేంటే," అందట. రఫ్ఫక్క వాదించలేదు. "నువ్వు ఇచ్చింది మంచి కోరే వదినా. డాక్టరమ్మకు చెప్పకపోవడం నా తప్పు. నీకూ ఏడాదికోసారి పరీక్షలు ఉంటాయి కదా, నువ్వు మాత్రం చెప్పి వెళ్ళు. అదొక్కటి చెయ్యి," అంది. వదిన ఆ రోజు టీ కూడా ఇవ్వకుండా పంపేసింది.

షాపులో కూడా ఆమె ఒక మాట తేల్చేసింది. యజమానిని కిటికీ దగ్గరికి పిలిచి, "మరకలైనా తీస్తాను, రఫ్ఫైనా చేస్తాను. రెండూ ఒక చేత్తో కుదరవు. మీకేది కావాలో చెప్పండి," అంది. ఆయన తల గోక్కున్నాడు. పదిహేను రోజుల్లో మరకలకు వేరే మనిషి వచ్చాడు. వచ్చిన మొదటి రోజే రఫ్ఫక్క ఆయన చేతికి తొడుగుల జత ఇచ్చి, అవి లేకుండా సీసా మూత తీస్తే ఊరుకోనని చెప్పింది.

చలి పోవడానికి నెలన్నర పట్టింది. మొహం వాపు మెల్లగా దిగింది, గొంతు తేటపడింది. గోరు మాత్రం ఎవరి కోసమూ తొందరపడదు. నెలకు మూడు బియ్యపుగింజల మందం కూడా పెరగదు. వేలి మొదట్లో కొత్త గోరు నున్నగా, కాస్త గులాబీ రంగులో కనబడింది. అక్కడి నుంచి అంచు దాకా రావడానికి ఆరు నెలలు. ఈలోగా పని ఆపాలి కదా అంటే ఆపలేదు. ఒక పాత అల్లిక సూదిని రాయి మీద అరగదీసి, చివర గోరులా వంపు తిప్పి, దాంతో పోగులు నొక్కడం నేర్చుకుంది. యాభై నాలుగేళ్ళ వయసులో, గోనెపట్టా మీద నేర్చుకున్న రోజుల్లాగే ముందు పాతగుడ్డల మీద సాధన చేసింది. నేను టీ ఇవ్వడానికి వెళ్తే, అల్లి విప్పిన గుడ్డముక్కలు స్టూలు చుట్టూ పడి ఉండేవి.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన తన పెళ్ళినాటి కోటు తెచ్చాడు. ముదురు నీలం, సన్నని చారలు. కూతురి పెళ్ళికి అదే వేసుకోవాలని పెట్టెలోంచి తీస్తే పురుగు ఆరుచోట్ల కొట్టేసింది. రెండు షాపులవాళ్ళు వల్లకాదని తిప్పి పంపారట. రఫ్ఫక్క కోటును కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. ఆరు కన్నాల్లోంచి ఆరు వెలుగు చుక్కలు ఆమె మొహం మీద పడ్డాయి.

"పెళ్ళి ఎప్పుడు?"

"రెండు నెలలుంది."

"నా గోళ్ళు ఇంకా సగమే వచ్చాయి. చేస్తాను గానీ రెండు నెలలూ నాకే కావాలి. మధ్యలో వచ్చి అయిందా అని అడక్కండి."

ఆయన అడగలేదు. వారానికోసారి వీధికి అటువైపు నుంచి నడుస్తూ, లోపలికి తొంగిచూస్తూ వెళ్ళేవాడు. ఆమె ఆ సూదితోనూ, కొత్తగా వచ్చిన కాస్త గోరుతోనూ ఆరింటినీ పూడ్చింది. తీసుకోవడానికి వచ్చిన రోజు ఆయన వెతుక్కోండన్న మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఎవరో చెప్పి ఉంటారు. ఆమె ఆ మాట అనలేదు. కోటు తిప్పి ఎడమ జేబు పక్కన వేలు పెట్టింది.

"ఇక్కడ చార ఒక పోగు పక్కకు జరిగింది. మూడుసార్లు విప్పాను. ఇంతకంటే రాలేదు. మిగతా ఐదూ మీకు కనబడవు. ఇదొకటి కనబడుతుంది."

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. ఆయనకు ఏ చారా జరిగినట్టు కనబడలేదు. నాకూ కనబడలేదు. కోటు అక్కడే తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, బయట వీధిలో రెండడుగులు నడిచి వెనక్కి వచ్చి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆయన వెళ్ళాక కూడా రఫ్ఫక్క, "ఒక పోగు," అని గొణుక్కుంటూనే ఉంది.

ఇంకో పని చేసింది ఆమె, ఎవరూ అడగకుండానే. ల్యాబుకు వెళ్ళి, రక్తం తీసే ఆయనతో, వచ్చినవాళ్ళను విటమిన్లు కూడా వేసుకుంటున్నారా అని అడగమని చెప్పింది. ఆయన నవ్వి, "అది డాక్టర్లు చూసుకుంటారమ్మా," అన్నాడు. మూడో రోజు మళ్ళీ వెళ్ళింది. ఈసారి మందు పెట్టెలోని కాగితం పట్టుకెళ్ళి, పెన్సిల్‌తో గీత గీసిన చోటు చదివించింది. ఆయన చదివి, లోపలికి వెళ్ళి ల్యాబు చూసుకునే పెద్దావిడను పిలుచుకొచ్చాడు. ఆవిడకు ఈ సంగతి తెలుసు. కానీ రోజుకు వందమంది వస్తే ఒక్కొక్కరినీ అడగడానికి తీరిక ఉండదంది.

"నేను రాసిస్తా, మీరు అంటించండి," అంది రఫ్ఫక్క.

మా షాపు అట్టముక్క మీదే రాసింది. చేతిరాత కూడా ఆమెది కుట్టినట్టే ఉంటుంది. రక్తం ఇచ్చే ముందు, మీరు వేసుకునే విటమిన్లు, టానిక్కులు, పొడులు అన్నీ చెప్పండి, మందు కాదని దాచకండి అని. ల్యాబు కిటికీ పక్కన ఇప్పటికీ ఉంది. కింద ఎవరో నీలం పెన్నుతో బయోటిన్ అన్న మాట ప్రత్యేకంగా చేర్చారు.

ఈ మధ్య ఒక సోమవారం పొద్దున, మేము షట్టర్ ఎత్తి గంట కాలేదు, ఆమెకు వదిన నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ గదిలోంచి చేసింది. ఆ డబ్బా సంగతికి అలిగి మూడు వారాలు మాట్లాడటం మానేసింది గానీ, అదంతా ఎప్పుడో అయిపోయింది. రఫ్ఫక్క చేతిలో సూది ఉంది కాబట్టి ఫోన్ నేను పట్టుకుని ఆమె చెవి దగ్గర పెట్టాను. వదిన గొంతు నాకూ వినిపిస్తోంది.

"నువ్వు చెప్పావని ఇంట్లో ఉన్నవన్నీ సంచీలో వేసుకొచ్చానే. మొత్తం పదిహేడు డబ్బాలు తేలాయి. మీ అన్నయ్య దగ్గుమందు కూడా వచ్చేసింది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తీసి చదువుతోంది. నా వెనక వరండా అంతా నిండిపోయింది, అందరూ నన్నే చూస్తున్నారు."

"చూడనీ వదినా. అన్నీ చదివేదాకా లేచి రాకు," అంది రఫ్ఫక్క, పోగు మీద నుంచి కన్ను తిప్పకుండా.